పంచె ఎగ్గట్టిన వ్యాగన్లు

నేను: నమస్కారం. ఈ వారం మా బాబాయ్ దొరికాడు. ఒహాయోలో ఉంటాడు. పగలు ఆఫీసు, రాత్రి బేస్‌మెంట్‌లో గూడ్స్ బండి. బాబాయ్, బొమ్మ రైలుకి ఆకురాయితో పనేంటి?

బాబాయ్: ఇంకోసారి బొమ్మ రైలన్నావంటే ఫోన్ పెట్టేస్తా. (నవ్వు) ఎన్ స్కేల్ రా ఇది. అసలు బండిలో 160వ వంతు. పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. 160తో గుణిస్తే 1440. అమెరికా లైను వెడల్పు 1435 మిల్లీమీటర్లు. అక్కడ లెక్క సరిపోయింది. తేడా అంతా పెట్టె కూర్చునే ఎత్తులో ఉంది.

నేను: అది చూస్తే తెలిసిపోతుందా?

బాబాయ్: నా దగ్గర 40 అడుగుల బాక్స్‌కార్, అంటే పైకప్పున్న గూడ్స్ పెట్టె, ఒకటుంది, పాతది. చేతిలో పెట్టుకుంటే మూడంగుళాలు, ముద్దొస్తుంది. దాన్ని పట్టాల మీద పెట్టి, వంగి, కళ్ళు పట్టా ఎత్తుకి తెచ్చి చూడు. పంచె ఎగ్గట్టుకుని బురదలో నడుస్తున్నవాడిలా ఉంటుంది. చక్రాలకీ పెట్టెకీ మధ్య నుంచి అవతలి గోడ కనపడుతుంది! అసలు బండి చక్రాల మీద బరువుగా కూర్చుని ఉంటుంది కదా.

నేను: తయారుచేసేవాళ్ళకి తెలియదా ఈ సంగతి?

బాబాయ్: తెలుసు. కానీ కొన్నవాడు డైనింగ్ టేబుల్ మీద గుండ్రంగా లైను వేస్తాడు. ఆ మలుపు వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంత మలుపులో బోగీ బాగా తిరగాలి, చక్రం పెట్టె అడుగుకి రాసుకోకూడదు. దానికితోడు పాత మోడళ్ళలో కప్లర్, అంటే పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కొక్కెం, కూడా బోగీకే ఉండేది. ఇన్నిటికీ చోటివ్వాలని పెట్టెని పైకి లేపేశారు.

నేను: బోగీ అంటే...

బాబాయ్: మనవాళ్ళు పెట్టెనే బోగీ అంటారు, ఎస్-7 బోగీ అని. నేను చెప్పేది కింద చక్రాలుండే బండి. అమెరికావాళ్ళు దాన్ని ట్రక్ అంటారు. అదో గోల.

నేను: సరే, ముందు ఏం మార్చావు?

బాబాయ్: చక్రాలు. పట్టా నుంచి జారిపోకుండా చక్రానికి లోపలివైపు అంచుంటుంది చూడు, ఫ్లాంజ్. పాతవాటికి దాదాపు మిల్లీమీటరు లోతు. అంటే అసలు సైజులో 16 సెంటీమీటర్లు. నిజం చక్రానికి అంగుళం పైచిలుకే. ఇక్కడ వాటిని పిజ్జా కట్టర్లంటారు, చూస్తే అలాగే ఉంటాయి. తీసేసి సన్న అంచువి వేశాను. పట్టా కూడా అంతే. కోడ్ 80 పట్టా ఎత్తు రెండు మిల్లీమీటర్లు, గుణిస్తే 32 సెంటీమీటర్లు. నిజంగా పెద్ద పట్టా అయినా 18 దగ్గర ఉంటుంది. కోడ్ 55 వేస్తే 22కి దిగుతుంది. కానీ పిజ్జా కట్టర్లు దాని మీద మేకుల తలలకి కొట్టుకుంటూ టకటకమంటాయి.

నేను: తర్వాత పెట్టె దించడం.

బాబాయ్: అక్కడే దెబ్బతిన్నాను. అడుగున బోగీ ఆనే చిన్న దిమ్మ ఉంటుంది. ఆకురాయితో అర మిల్లీమీటరు అరగదీస్తే చాలు, అసలు లెక్కలో 8 సెంటీమీటర్లు దిగినట్టు. నేను ఉత్సాహం కొద్దీ ఒకేసారి మిల్లీమీటరు తీసేశాను. నిలబెడితే ఎంత బాగుందో! మలుపు ఎక్కగానే చక్రం అడుక్కి పట్టేసింది. కప్లర్ కిందకి వేలాడే పిన్ను, లైను రెండుగా చీలే పాయింట్ల దగ్గర తగులుకుంది. వెనకున్న ఆరు వ్యాగన్లూ పక్కకి ఒరిగాయి.

నేను: అయితే ఆ బాక్స్‌కార్ పోయినట్టేనా?

బాబాయ్: పోలేదు. మీ అక్క శుభలేఖలు కొన్ని మిగిలాయి. ఆ అట్టకి పంచింగ్ మెషీన్‌తో బిళ్ళలు కొట్టి, మధ్యలో సూదితో కన్నం చేసి, వాషర్లుగా వేశాను. బోగీకి రెండేసి. ఇప్పటికీ అవే ఉన్నాయి. ఆ తర్వాత బుద్ధొచ్చి, నాలుగు సార్లు రుద్దడం, పట్టా మీద పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం.

నేను: కప్లర్ ఎత్తు ఎలా తెలుస్తుంది?

బాబాయ్: అమెరికాలో అసలు కప్లర్ మధ్య భాగం పట్టా పైనుంచి 34.5 అంగుళాల దాకా ఉంటుంది. మనకి అయిదున్నర మిల్లీమీటర్లు. కొలిచే గేజ్ దొరుకుతుంది. బోగీకున్న కప్లర్‌ని కోసేసి, వేరేది పెట్టె అడుగుకే బిగిస్తాను. వ్యాగన్ల మధ్య ఖాళీ కూడా తగ్గుతుంది. కాకపోతే డైనింగ్ టేబుల్ మలుపులకి ఇక సెలవే. పెద్ద మలుపులు వేసుకోవాల్సిందే.

నేను: బరువు సంగతి?

బాబాయ్: నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూత్రం ఉంది. అర ఔన్సు, దాని మీద అంగుళానికి 0.15 ఔన్సు. మూడంగుళాల పెట్టెకి 27 గ్రాములు. లోపల సీసం ముక్క అంటిస్తాను. అంటించాక చేతులు కడుక్కో, మర్చిపోకు.

నేను: మన దగ్గర బొగ్గు మోసే బాక్స్ఎన్ వ్యాగన్‌కి ఇది పనికొస్తుందా?

బాబాయ్: మనది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ కదరా. ఎన్ స్కేల్‌లో పట్టాల మధ్య పదిన్నర మిల్లీమీటర్లు కావాలి, ఉన్నది 9. ఇంతకంటే పెద్ద స్కేల్ హెచ్ఓలో 19 పైన కావాలి, దొరికేది 16.5. ఎంత దించినా కాళ్ళు దగ్గరకి పెట్టుకుని నిలబడినట్టే ఉంటుంది. దానికి పట్టాలే సొంతంగా వేసుకోవాలి. నాకంత ఓపిక లేదు.

నేను: ఇంకేమైనా మారుస్తావా?

బాబాయ్: పైకప్పు మీద నడకబల్ల. 1966 తర్వాత కట్టిన బాక్స్‌కార్లకి అది అక్కర్లేకుండా పోయింది. నాది 1970ల లైను. పీకేసి, కన్నాలు పూడ్చి, రంగేస్తాను. పైన అది లేకపోతే పెట్టె ఇంకాస్త కిందకి దిగినట్టు అనిపిస్తుంది. మొత్తం 32 వ్యాగన్లున్నాయి, 11 అయ్యాయి. పన్నెండోదానికి నిన్ననే కన్నాలు పూడ్చాను, ఇంకా ఆరలేదు.

నేను: పిన్ని ఏమంటోంది?

బాబాయ్: శుభలేఖలు దాచేసింది.