మైలేజీ తగ్గితే తప్పంతా ప్లగ్గులదేనా?

(పెట్రోలు, సీఎన్‌జీ కార్ల నిర్వహణపై జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం)

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. మన రెండు రాష్ట్రాల్లోనూ లీటరు పెట్రోలు ధర 100 రూపాయలు దాటి చాలా కాలమే అయింది. కారు మైలేజీ గురించి శ్రోతల సందేహాలకు సమాధానం చెప్పడానికి ఆటోమొబైల్ ఇంజనీరింగ్ బోధించిన అధ్యాపకులు ఒకరు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను తణుకు నుంచి. చెప్పండి.

తణుకు శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. నాది 2018 నాటి పెట్రోలు కారు. 60 వేల కిలోమీటర్లు దాటింది. హైవే మీద లీటరుకు 18 ఇచ్చేది, ఇప్పుడు 14 కూడా కష్టంగా ఉంది. విడిభాగాల దుకాణంలో అడిగితే ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు వేయించమని, రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతుందని అంటున్నారు. నిజమేనా?

నిపుణుడు: నమస్కారమండీ. ఇంతవరకూ ప్లగ్గులు మార్పించారా?

తణుకు శ్రోత: లేదు సార్. బండి బాగానే స్టార్టవుతోంది కదా అని వాటి జోలికి పోలేదు.

నిపుణుడు: అయితే మార్చవలసిందే, కానీ దుకాణదారు చెప్పిన కారణంతో కాదు. ఏ ప్లగ్గూ కంపెనీ ఇచ్చిన మైలేజీకి పైన అదనంగా ఏమీ కలపదు; అరిగిన ప్లగ్గు వల్ల పోయిన మైలేజీని మాత్రం కొత్త ప్లగ్గు తిరిగి రాబడుతుంది. మామూలు నికెల్ ప్లగ్గు అయితే చాలా కార్లలో 30, 40 వేల కిలోమీటర్ల దగ్గర మార్చమని యజమాని పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఇరిడియం 2,400 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగని లోహం కాబట్టి దానితో చేసిన మధ్య కొనను 0.6 మిల్లీమీటర్ల మందానికి కూడా సన్నగా చేయవచ్చు, అది దాదాపు లక్ష కిలోమీటర్ల వరకూ అరగకుండా నిలుస్తుంది. మీరు డబ్బు పెట్టేది ఆ మన్నికకే. కొత్త నికెల్ ప్లగ్గుకూ కొత్త ఇరిడియం ప్లగ్గుకూ మైలేజీలో మీరు కొలవగలిగేంత తేడా ఉండదు. ఏటా 6, 7 వేల కిలోమీటర్లకు మించి తిరగని కారుకైతే, కంపెనీ నికెల్ ప్లగ్గే సూచించినప్పుడు, నేను నికెలే వేయిస్తాను.

నిర్వాహకురాలు: ప్లగ్గు అరిగితే పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుందో కాస్త వివరిస్తారా?

నిపుణుడు: ఇంజన్‌లో పెట్రోలును అంటించేది ప్లగ్గు కొనల మధ్య దూకే నిప్పురవ్వ. అది ప్రతిసారీ లోహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తూ ఉండడం వల్ల రెండు కొనల మధ్య సందు పెరుగుతుంది. 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల వరకూ ఉండవలసిన ఆ సందు పెరిగినకొద్దీ రవ్వ దూకడానికి, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. గేరు తగ్గించకుండా ఫ్లైఓవరు ఎక్కేటప్పుడో, నిండు బరువుతో ఓవర్‌టేక్ చేసేటప్పుడో అది చాలక రవ్వ తప్పిపోతుంది. మెకానిక్కులు దాన్నే ‘మిస్సింగ్’ అంటారు. అప్పుడు కాలని గాలి, పెట్రోలు రెండూ పొగగొట్టంలోకి పోతాయి. అక్కడున్న ఆక్సిజన్ సెన్సర్ ఆ మిగులు గాలిని చూసి, ఇంధనం తక్కువైందని పొరబడి, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ మరింత పెట్రోలు పోయిస్తుంది. నష్టం ఇలా రెండింతలవుతుంది. పైగా ఆ కాలని పెట్రోలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది, దాని ఖరీదు ముందు నాలుగు ప్లగ్గుల ఖరీదు ఏపాటిది?

ఇక తణుకు మిత్రులకు ఒక మాట. 18 నుంచి 14కు రావడమంటే అయిదో వంతుకు పైగా పోయినట్టు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు వల్ల పాత కార్లలో సుమారు 6, 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. అంటే మీ 18లో ఒక కిలోమీటరు, మహా అయితే ఇంకొంచెం దానికి పోతుంది. మిగిలిన నష్టం మొత్తం ప్లగ్గుల వల్లే అయితే ఇంజన్ కుదుపులతో మీకు తెలిసిపోయేది. కుదుపులు లేవంటే బ్రేకులు చూపించండి. నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, ప్రతి చక్రం దగ్గరా చెయ్యి తగిలించకుండా వేడి గమనించండి. ఒక చక్రం మాత్రమే కాలిపోతూ ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉన్నట్టే. చివరిగా, మైలేజీని మీటరు బోర్డు మీది అంకెతో లెక్కవేయకండి. ట్యాంకు ఆటో కటాఫ్ దాకా నింపించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఆటో కటాఫ్ దాకా నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి.

నిర్వాహకురాలు: ఇప్పుడు నిజామాబాద్ నుంచి ఒక శ్రోత.

నిజామాబాద్ శ్రోత: నమస్తే సార్. మా బండికి ఎన్‌జీకే కంపెనీ 6 నంబరు ప్లగ్గు వస్తుంది. అది దొరకలేదని షాపులో బాష్ కంపెనీది 6 నంబరే ఇచ్చారు. నంబరు ఒకటే కాబట్టి వేసుకోవచ్చా?

నిపుణుడు: ఇంకా బిగించలేదు కదా? వాపసు ఇచ్చేయండి. ఆ నంబరు ప్లగ్గు తన వేడిని ఎంత వేగంగా ఇంజన్ హెడ్డులోకి వదిలేస్తుందో చెప్పే అంకె, దానికి అన్ని కంపెనీలకూ కలిపి ఒక పద్ధతి లేదు. ఎన్‌జీకేలోనూ డెన్సోలోనూ అంకె పెరిగినకొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేది; బాష్‌లోనూ ఛాంపియన్‌లోనూ అంకె పెరిగినకొద్దీ వేడిది. ఒక ఉదాహరణ చెబుతాను: ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్ అనే పాత రకం ప్లగ్గుకు బాష్‌లో సాటి వచ్చేది డబ్ల్యూఆర్7డీసీ, డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ. చూశారా, 6కు జోడీ ఒకచోట 7, ఇంకోచోట 20. ప్లగ్గు కొన సుమారు 500 డిగ్రీలు దాటితేనే దాని మీద మసి తనంతట తాను కాలిపోతుంది, 850 దాటితే రవ్వ పడకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం మొదలవుతుంది. చల్లని ప్లగ్గు వేస్తే మసి పట్టి మైలేజీ పోతుంది, వేడి ప్లగ్గు వేస్తే పిస్టనే పోవచ్చు. మర పొడవు, ప్లగ్గు హెడ్డు మీద ఆనే తీరు (సీటింగ్) కూడా కలవాలి. మర పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది. అక్షరాల మధ్యలో ఆర్ ఉందో లేదో కూడా చూడండి. అది లోపల రెసిస్టర్ ఉందని చెప్పే గుర్తు, అది లేని ప్లగ్గు కారులో రేడియోను గరగరమనిపించడమే కాక కంప్యూటర్‌నూ తికమక పెడుతుంది. మా రేడియోవాళ్ల తరఫున కూడా ఆ జాగ్రత్త కోరుతున్నాను.

నిర్వాహకురాలు: (నవ్వుతూ) మా శ్రోతను కాపాడినందుకు కృతజ్ఞతలు. ఖమ్మం నుంచి మాట్లాడుతున్నవారు, చెప్పండి.

ఖమ్మం శ్రోత: సార్, మాది సీఎన్‌జీ కారు, ట్యాక్సీగా తిప్పుతాను. పెట్రోలు మీద బండి చక్కగా పోతుంది, గ్యాసుకు మారగానే మూడో గేరులో జర్కులు కొడుతోంది. మెకానిక్ గ్యాసు కిట్టు విప్పాలంటున్నాడు.

నిపుణుడు: కిట్టు ఆఖరున విప్పుదురుగాని, ముందు ప్లగ్గులు విప్పించండి బాబూ. పెట్రోలు, గాలి మిశ్రమంలో రవ్వ దూకడం కంటే గ్యాసు మిశ్రమంలో దూకడం కష్టం, ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకని అరుగుతున్న ప్లగ్గు, నీరసించిన కాయిల్, చిట్లిన రబ్బరు క్యాపు, వీటిలో ఏది ఉన్నా పెట్రోలు మీద బయటపడకుండా గ్యాసు మీద బయటపడుతుంది. ట్యాక్సీ అంటున్నారు కాబట్టి పుస్తకంలో పెట్రోలుకు రాసిన దూరం దాకా ఆగకుండా ముందే మార్చుకోవడం మంచిది. సందు ఎంత ఉండాలో మీ కారు పుస్తకంలోనో కిట్టు పుస్తకంలోనో చూసి పెట్టించండి, సీఎన్‌జీకి సాధారణంగా పెట్రోలు కంటే కొంచెం తక్కువే సూచిస్తారు. ప్లగ్గు తీసినప్పుడు తెల్లని పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి. నిలువునా పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తే, రవ్వ లోపల పడకుండా బయటి నుంచే ఇనుములోకి దిగిపోతోందన్నమాట. ప్లగ్గుతో పాటు క్యాపు కూడా మార్చాలి. కానీ ఇనుప భాగానికి కాస్త పైన, పింగాణీ చుట్టూ లేత గోధుమరంగు మచ్చ ఉంటే కంగారు పడకండి. ఎక్కువ వోల్టేజీకి గాలిలోని నూనె తుంపర్లు అంటుకుని ఏర్పడే మరక అది. గ్యాసు లీకవుతోందని చెప్పి మంచి ప్లగ్గును పారేయించేవారు ఉన్నారు.

నిర్వాహకురాలు: అనంతపురం నుంచి మరో శ్రోత.

అనంతపురం శ్రోత: సార్, నాది డీజిల్ కారు. ఎలాంటి స్పార్క్ ప్లగ్గులు వేసుకోవాలి?

నిపుణుడు: డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవండీ. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఉండేవి గ్లో ప్లగ్గులు, అవి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడానికి సాయం చేస్తాయి. మీరు ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు వేళకు మార్చుకోండి.

నిర్వాహకురాలు: విశాఖపట్నం నుంచి ఒక గృహిణి లైనులో ఉన్నారు.

విశాఖ శ్రోత: నమస్కారమండీ. మా కారు ప్లగ్గులు నేనే మార్చుకోవాలనుకుంటున్నాను. మావారు వద్దంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

నిపుణుడు: తప్పకుండా మార్చుకోవచ్చమ్మా. రాత్రంతా ఆగిన బండి మీద, ఉదయం ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మొదలుపెట్టండి, ఎందుకంటే అల్యూమినియం హెడ్డు వేడిగా ఉండగా ప్లగ్గు తిప్పితే మరలు చెడతాయి. ప్లగ్గు పైనున్న కాయిల్ తీశాక ప్లగ్గు గుంటలోకి టార్చి వేసి చూసి, దుమ్ము ఉంటే గాలి కొట్టించి శుభ్రం చేయండి. గుంటలో ఇంజనాయిల్ నిలిచి కనిపిస్తే ఇంజన్ పైమూత (ట్యాపెట్ కవర్) ప్యాకింగ్ పోయినట్టు, అది మార్చకుండా కొత్త ప్లగ్గులు వేస్తే డబ్బు దండగ. కొత్త ప్లగ్గును పానాతో కాకుండా వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వాషరు ఉన్న కొత్త ప్లగ్గు అయితే, చేతికి ఆగిన తరువాత పానాతో సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు దాకా తిప్పితే సరిపోతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానా ఉంటే పుస్తకంలోని అంకె పాటించండి. మరలకు గ్రీజు పూయకండి. ఇరిడియం కొన మీద ఉప్పుకాగితం గాని, ఇనుప బ్రష్షు గాని పెట్టకండి. పాత ప్లగ్గులు ఏ సిలిండరువో అదే వరుసలో పేర్చుకుని చూడండి: కొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ లోపలికి దిగుతున్నట్టు.

విశాఖ శ్రోత: నాలుగూ పొడి మసితో ఉంటే ఎయిర్ ఫిల్టరు మార్చాలా?

నిపుణుడు: మార్చండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కార్బురేటర్ రోజుల్లో ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు తాగేది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ గాలిని బట్టి ఇంధనం తగ్గిస్తుంది కాబట్టి పికప్ తగ్గుతుంది గాని మైలేజీ అంతగా పడదు. నాలుగింటికీ మసి పట్టిందంటే నేను ముందు అడిగేది, ఇంజన్ సరైన వేడికి చేరేదాకా కూలెంటును రేడియేటరుకు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ గురించి. మన ఎండలకు ఇంజన్ వేడెక్కుతుందని దాన్ని పీకి పారేసే అలవాటు కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉంది. అది లేని ఇంజన్ సరైన వేడికి చేరక, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోయిస్తూనే ఉంటుంది. హైవే మీద పావుగంట నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకపోతే అనుమానించవలసింది దాన్నే. అది సరిగానే ఉంటే ఆక్సిజన్ సెన్సర్‌ను స్కానర్‌తో చూపించండి. మీ వారికి కూడా ఒక పని చెప్పండమ్మా: పదిహేను రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత గాలి టైర్లకు పట్టించమనండి.