లిఫ్టింగ్ షూ ఒక సైజు పెద్దది కొనొచ్చా?

యాంకర్: నమస్కారం. వెయిట్‌లిఫ్టింగ్ షూ గురించి మీ సందేహాలకు జవాబు చెప్పడానికి కోచ్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ నెల్లిమర్ల నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇన్నాళ్లూ రన్నింగ్ షూతోనే ప్రాక్టీస్ చేసింది. ఇప్పుడు లిఫ్టింగ్ షూ కావాలంటోంది. రేటు చూస్తే గుండె గుభేలుమంది. నిజంగా అవసరమా సార్?

కోచ్: అవసరమేనమ్మా. ఆ పాత షూ మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగిపోతుంది. పరుగెత్తేటప్పుడు ఆ మెత్తదనం మంచిదే. బరువెత్తేటప్పుడు మాత్రం సోల్ ఒక పక్కకి నలిగి మడమ ఒరుగుతుంది, దాంతో మోకాలూ లోపలికి పడుతుంది. లిఫ్టింగ్ షూ సోల్ అలా నలగదు. పైగా మడమ కింద సుమారు 20 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దానివల్ల లోతుగా కూర్చున్నా మోకాళ్లు ముందుకు వెళ్తాయి, వీపు నిటారుగా నిలుస్తుంది. స్నాచ్‌లో, అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తేటప్పుడు, వీపు ముందుకు వంగితే బార్ కూడా ముందుకే పడిపోతుంది.

శ్రోత: ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది కొంటే రెండేళ్లు వస్తుందని వాళ్ల నాన్న అంటున్నారు.

కోచ్: ఆ ఒక్క పనీ చేయొద్దమ్మా. స్కూలు బూట్లలో అయితే ముందు దూది కుక్కి నడిపించేస్తాం. ఇక్కడ కుదరదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లేశ్వరి గారు క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. అందులో బార్‌ని ముందు భుజాల దాకా లేపడం క్లీన్, అక్కడి నుంచి తల మీదికి ఎత్తడం జెర్క్. అంత బరువు తల మీద ఉన్నప్పుడు నేలకి ఆనేవి రెండు పాదాలే. జెర్క్‌లో ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ వేసి దిగేటప్పుడు షూ లోపల పాదం జారకూడదు. వేళ్లు ముడుచుకోకుండా ముందు కొనకి దగ్గరగా ఉండాలి, స్ట్రాప్ బిగించాక మడమ లేవకూడదు. సాయంత్రం పూట, ప్రాక్టీస్ సాక్సులతోనే వేసి చూడండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. షాపులోనే లోతుగా కూర్చుని లేవమనండి.

శ్రోత: పాతవి కొనొచ్చా సార్?

కోచ్: నిక్షేపంగా కొనండి. మీ దగ్గర కొండవెలగాడలో లిఫ్టర్లకి కొదవా? ఎవరో ఒకరికి కాలికి పట్టక పక్కన పెట్టినవి ఉంటాయి. సోల్ అతుకు ఊడిందా, స్ట్రాప్ గట్టిగా పట్టుకుంటోందా చూసుకుంటే చాలు.

శ్రోత: వచ్చే నెల జిల్లా పోటీలున్నాయి. ఆ రోజే తొడిగిద్దామనుకున్నాం.

కోచ్: వద్దమ్మా, టెన్షన్ రెట్టింపవుతుంది. ఇప్పుడే కొనండి. మొదట ఖాళీ బార్‌తో చేయించి, అలవాటయ్యే కొద్దీ బరువు పెంచమని వాళ్ల కోచ్‌కి చెప్పండి. రోడ్డు మీద మాత్రం వేసుకోనివ్వకండి. సోల్‌కి ఇసుక అంటితే ప్లాట్‌ఫాం మీద జారుతుంది.

యాంకర్: హైదరాబాద్ నుంచి ఇంకో శ్రోత.

శ్రోత: సార్, నేను జిమ్‌లో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేస్తాను. రెండింటికీ ఇదే షూ వాడొచ్చా?

కోచ్: స్క్వాట్‌కి వాడండి తమ్ముడూ. చీలమండ బిగుసుకుపోయినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేచే డెడ్‌లిఫ్ట్‌కి మాత్రం విప్పేయండి. మడమ ఎత్తుగా ఉంటే మనిషి ముందుకు తూలతాడు, బార్‌ని ఆ మేరకు ఎక్కువ ఎత్తు లేపాలి. దానికి చదునైన పల్చటి సోల్ ఉన్న కాన్వాస్ షూ సరిపోతుంది.