గుంటూరు బంతి భోజనం, యిత్రో లెక్క

అందరికీ వందనాలండీ. నేనుండేది అమెరికాలో, డల్లాస్‌లో. ఈ వీడియో మాత్రం డల్లాస్‌ది కాదు, గుంటూరుదే. వెనక ఆ పొగ కనపడుతోందిగా? చర్చి కాంపౌండ్‌లో కట్టెల పొయ్యిలు. టైము పొద్దున ఆరున్నర. ఇవాళ కోతల పండుగ, అంటే పంటలో కొంత దేవుడికి కానుకగా తెచ్చి వేలం వేసే రోజు. ఆరాధన అయ్యాక ప్రేమ విందు, సంఘమంతా కలిసి తినే భోజనం. మూడు వందల మందికి వంట. "డల్లాస్‌లో మీ సంఘంలో వాచ్‌మన్ లేడు, వంటమాస్టర్ లేడు, మరి విందు ఎట్టా లాగిస్తారురా? మా యూత్ పిల్లలకి కాస్త చెప్పు" అని మేనత్త అడిగింది. వాట్సాప్‌లో రాస్తే ఎవరూ చదవరు. ఫోన్లో బొమ్మ కదిలితే చూస్తారు. అందుకే ఈ వ్లాగు.

కోతల పండుగ గురించి మీకు నేను చెప్పేదేముంది. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన నాటుకోడి, ఆ కోడిని వేలంలో పదింతల ధరకి పాడే పెద్దాయన, అన్నీ ఎరిగినవే. అమెరికాలో సంగతి చెబుతా. అక్కడ మనవాళ్ల తెలుగు సంఘాలు చాలావాటికి సొంత గుడి ఉండదు. పొద్దున అమెరికా వాళ్ల ఆరాధన అయిపోయాక, వాళ్ల చర్చిలోనే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా హాలు అద్దెకి తీసుకుంటాం. ఐదు కొట్టేసరికి కుర్చీలు మడిచి, చెత్త సంచులు బయట డబ్బాలో పడేసి, లైట్లు ఆర్పి తాళం ఇచ్చేయాలి. ఒక్కోసారి తమాషాగా అనిపిస్తుంది. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి పనిగట్టుకుని గుంటూరు వచ్చి వాక్యం చెప్పారు. ఇప్పుడు గుంటూరు వాళ్లం పనిగట్టుకుని అమెరికా వెళ్లి, వాళ్ల హాలు గంటల లెక్కన అడుగుతున్నాం. ఐదున్నరకి ఎవరి కారు వాళ్లది. మళ్లీ తెలుగులో "తిన్నావా" అని అడిగే మనిషి కనపడేది వచ్చే ఆదివారమే.

సరే, విందు. అక్కడ వంట ఒక్కచోట జరగదు. ఫోన్లో ఒక పట్టిక తిరుగుతుంది. ఒక ఇంటివాళ్లు అన్నం అని రాస్తారు, ఇంకొకళ్లు పప్పు, ఇంకొకళ్లు పేపరు ప్లేట్లు. పేరు పడని వస్తువు ఆ రోజు ఉండదు, అంతే. మొహమాటానికి ఎవరూ ఎగస్ట్రా తేరు. కోడికూర ఎవరూ రాయకపోతే ఇండియన్ హోటల్లో ట్రే చెప్పాలి. ముప్పై మందికి వచ్చే పెద్ద ట్రే వంద డాలర్లు అటూఇటూ. మన రూపాయల్లో ఎనిమిది వేల పైమాటే. ఈ మాట వినగానే అత్తయ్య గరిటె తిప్పడం ఆపేసింది. ఆ డబ్బుకి ఇక్కడ బోలెడంత కోడి వస్తుందట. వస్తుంది మరి.

ఇక్కడ యూత్‌కి చెప్పాల్సింది ఆ పట్టిక గురించి కాదు, దాని వెనక ఉన్న లెక్క గురించి. ఆ లెక్క అమెరికా వాళ్లది కాదు, యిత్రోది.

బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం మీకందరికీ తెలుసు. ఇశ్రాయేలు జనాన్ని నడిపిస్తున్న మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని తీర్పులు చెబుతుంటాడు, జనం వరసలో నిలబడి ఉంటారు. మామ యిత్రో చూసి "నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారు" అంటాడు. ప్రసంగాల్లో దీన్ని "నాయకుడు పని పంచాలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ ముక్క చాలదు. యిత్రో అంకెలు చెప్పాడు. వెయ్యిమందికి ఒకడు, వందమందికి ఒకడు, యాభైమందికి ఒకడు, పదిమందికి ఒకడు. ఐగుప్తు, అంటే ఈజిప్టు నుంచి కాలినడకన బయల్దేరిన పురుషులు ఆరు లక్షలని 12వ అధ్యాయంలో ఉంది. కలిపి చూడండి. వెయ్యికొకడు చొప్పున 600, వందకొకడు 6,000, యాభైకొకడు 12,000, పదికొకడు 60,000. మొత్తం 78,600. అంటే ఇంచుమించు ప్రతి ఎనిమిది మందిలో ఒకడికి పని పడింది.

ఇప్పుడు మన మూడు వందల మందికి అదే కొలత వేయండి. పదికొకరు ముప్పై, యాభైకొకరు ఆరుగురు, వందకొకరు ముగ్గురు. ముప్పైతొమ్మిది. మన సంఘాల్లో మామూలుగా పని చేసేది ఎంతమంది? పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుంచి నలుగురు, గంట కొట్టే తాత. మిగతావాళ్లం కుర్చీ లాక్కుని కూర్చుని కూరలో ఉప్పు తగ్గిందంటాం.

ఆ ముప్పైతొమ్మిది మందికీ పదవి ఇవ్వమని కాదు. పదవి ఇస్తే ఎలక్షన్ వస్తుంది, ఎలక్షన్ వస్తే సంఘం రెండవుతుంది. వాళ్లకి ఇవ్వాల్సింది గరిటె.

వడ్డన చూపిస్తా. ఇదిగో షామియానా కింద బల్లలు, బంతికి వంద మంది, మూడు బంతులు. బంతికి నాలుగు వరసలు, వరసకి పాతిక మంది. వరసకి అన్నానికి ఒకరు, కూరకి ఒకరు చొప్పున ఎనిమిది మంది. పప్పుకి ఇద్దరు, చివర్లో పెరుగు బకెట్ పట్టేదీ వీళ్లే. నీళ్లకి ఇద్దరు. పచ్చడికీ ఉప్పుకీ కలిపి ఒకరు. మొత్తం పదమూడు. బంతి మారితే మనుషులూ మారతారు. మొదటి బంతికి వడ్డించినవాళ్లు రెండో బంతిలో కూర్చుంటారు. పదమూడు మూళ్లు ముప్పైతొమ్మిది. అంకె అచ్చంగా కుదిరింది. దానికి నేను దైవత్వం అంటగట్టను గానీ, రాసుకుంటున్నప్పుడు నవ్వొచ్చింది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. కోడి అరవై కిలోలు, మనిషికి రెండు వందల గ్రాముల లెక్క. కిలోకి ఇరవై ముక్కలు కొట్టిస్తే పన్నెండు వందల ముక్కలు, తలకి నాలుగు. మొదటి బంతిలో కూర్చునేది పెద్దలు, చుట్టాలు, కారులో వచ్చినవాళ్లు. వడ్డించే కుర్రాడు మొహం చూసి ఆరేసి ముక్కలు వేస్తాడు. అక్కడికి ఆరు వందలు హుళక్కి. రెండో బంతికి నాలుగున్నర పడితే ఇంకో నాలుగొందల యాభై. చివరి వంద మందికి మిగిలింది నూట యాభై ముక్కలూ బోలెడంత పులుసూ. ఆ చివరి బంతిలో ఉండేదెవరు? పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, "తర్వాత తింటాంలే" అని గోడ పక్కన ఆగిన విధవరాండ్రు.

దీనికి మందు పొయ్యి దగ్గరే ఉంది. కూర దింపగానే ముక్కలు చిల్లుల గరిటెతో మూడు గుండిగల్లోకి సమంగా తీసి, పైన పులుసు పోసి మూతపెట్టాలి. రెండో గుండిగ మూత మొదటి బంతి లేచాకే తీయాలి. వడ్డన గరిటె రెండు ముక్కలు పట్టేదై ఉండాలి, మనిషికి రెండు గరిటెలు, చేతులు కట్టేసినట్టు. మారు అడిగితే పులుసు. అన్నం కూడా నలభై కిలోలూ ఒకేసారి వండొద్దు, మూడో బంతికి చల్లారి బిరుసెక్కుతుంది. మొదటి బంతి కూర్చోగానే మూడో బంతి బియ్యం ఎసట్లో పడాలి. అది వార్చి దించేసరికి సరిగ్గా వేళవుతుంది.

అపొస్తలుల కార్యములు 6లో జరిగింది అచ్చం ఈ మూడో బంతి గొడవే. రోజూ పంచే దాంట్లో తమ విధవరాండ్రని వదిలేస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు, అంటే యేసు పంపిన శిష్యులు, వాళ్లని కసరలేదు, కమిటీ వేసి నివేదిక అడగలేదు. మీలోనుంచే మంచి పేరున్న ఏడుగురిని ఎంచుకోండి అన్నారు. ఎంచుకున్న పేర్లు చూడండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే సణిగినవాళ్ల వైపు మనుషుల చేతికే గరిటె వెళ్లిందని నాకనిపిస్తుంది. కూర అందలేదని పోయినేడు కేకలేసిన వరస ఏదో ఇక్కడ అందరికీ తెలుసు. ఈ ఏడు కూర బకెట్లు ఆ వరసవాళ్లకే ఇవ్వమని అత్తయ్యకి చెప్పా. "వాళ్లకా!" అంది. వాళ్లకే.

యిత్రో మాట ఇంకొకటి మనం తొందరగా దాటేస్తాం, మనుషుల్ని ఎంచే కొలత. సామర్థ్యం, దైవభక్తి, సత్యం మీద ఆసక్తి, లంచం ముట్టని చెయ్యి. నాలుగూ కావాలి. భక్తి ఉంది కదా అని లెక్కలు రానివాణ్ని కోశాధికారిని చేస్తే పాపం వాడే ముందు బలి. లెక్కలొచ్చినా చెయ్యి శుభ్రంగా లేనివాణ్ని పెడితే సంఘం బలి.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి వేలంపాట దగ్గరికి వెళ్దాం. రాజులు రెండో గ్రంథం 12లో యోవాషు రాజు యెరూషలేము మందిరం బాగుచేయమని అక్కడ సేవ చేసే యాజకులకి చెబితే, ఆయన ఏలుబడి ఇరవై మూడో ఏడు వచ్చినా పని కాలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకి బెజ్జం వేసి బలిపీఠం పక్కన పెట్టాడు. చందా పెట్టెకి తాత అదే అనుకోండి. అసలు తెలివి బెజ్జంలో లేదు. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖికుడు, ప్రధానయాజకుడు ఇద్దరూ వచ్చి కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. ఒకడు రాజు మనిషి, ఇంకొకడు మందిరం మనిషి. అక్కడ మా సంఘంలోనూ అంతే. కానుక లెక్కపెట్టే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, మొగుడూపెళ్లాలు అసలే కాకూడదు. లెక్క కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే డబ్బు కదులుతుంది. ఇక్కడ వేలంపాటలో చెడేది ఎక్కడంటే, పాట పాడిన ఊపులో "రాసుకోండి, తర్వాత ఇస్తా" అంటారు. తర్వాత అనేది క్రిస్మస్ దాటుతుంది. పాడినవాళ్ల పేరు, వస్తువు, మొత్తం ఒకరు రాయాలి, డబ్బు ఇంకొకరు తీసుకోవాలి, గుమ్మడికాయ చేతికిచ్చేది ఆ తర్వాతే.

పిల్లల విషయంలో మాత్రం అక్కడి పద్ధతి మనకి చాదస్తంగా ఉంటుంది. సండే స్కూలు గది ముందు స్టిక్కర్లు ఇస్తారు. పిల్ల వీపు మీద ఒక నంబరు, అమ్మానాన్నల చేతిలో అదే నంబరు. నంబరు చూపించకపోతే సొంత నాయనమ్మకైనా పిల్లని ఇవ్వరు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. టీచరుగా చేరాలంటే పోలీసు కేసులేమన్నా ఉన్నాయేమో ఆరా తీయిస్తారు, ఆ పరిశీలనకి మనిషికి ఇరవై ముప్పై డాలర్లు, అంటే రెండు వేలు అటూఇటూ. నాయనమ్మలకి కోపం వస్తుంది, రానీండి. ఇక్కడ స్టిక్కర్లు పెట్టమని నేననను, ఎవరి పిల్ల ఎవరో అందరికీ తెలుసు. గదిలో ఇద్దరు పెద్దవాళ్లు అన్నది మాత్రం పైసా ఖర్చు లేనిది, రేపట్నించే పెట్టొచ్చు.

ఆరాధన జరుగుతున్నంతసేపూ ఫోను జేబులోనే ఉంది, అందుకే మధ్యలో క్లిప్పులు లేవు. ఇప్పుడు ఒంటిగంట దాటింది, ఎండ చూస్తున్నారుగా. మొదటి బంతి లేచింది. రెండో గుండిగ మూత తీస్తున్నారు, పైకి ఆవిరి కొట్టింది, లెన్సు మసకబారింది, ఆగండి తుడుస్తా. ఆఁ. ముక్కలు నిండుగా ఉన్నాయి.

కూర బకెట్లు పట్టినవాళ్లలో అమ్మాయిలు కూడా ఉన్నారు, ఒకాయన "ఆడపిల్లలకి బరువెందుకు" అంటున్నాడు. నెహెమ్యా 3 ఒకసారి చదవండి బాబాయ్. యెరూషలేము గోడ కట్టినవాళ్లలో షల్లూము, ఆయన కూతుళ్లు ఉన్నారు, కంసాలులున్నారు. అదే అధ్యాయంలో తెకోవ ఊరి గొప్పవాళ్లు ఆ పనికి మెడ వంచలేదని కూడా రాసి పెట్టారు. గోడ 52 రోజుల్లో అయిపోయింది, వాళ్లు వంచని మెడ మాత్రం ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

ఇటు వెనక్కి రండి, కుళాయి దగ్గరికి. అంట్లు తోమేది ఐదుగురు. వీళ్లకి అన్నం, నాలుగు ముక్కలు, పెరుగు మొదటి బంతి కూర్చోకముందే క్యారేజీల్లో సర్ది పక్కన పెట్టాం. దావీదు పద్ధతి ఇది. యుద్ధానికి ఆయన వెంట బయల్దేరిన ఆరు వందల మందిలో రెండు వందల మంది అలిసిపోయి బెసోరు వాగు దగ్గర సామానుకి కాపలాగా ఆగిపోయారు. యుద్ధం చేసొచ్చినవాళ్లలో కొందరు వాళ్లకి వాటా లేదన్నారు. దావీదు ఒప్పుకోలేదు, సామాను దగ్గర ఉన్నవాడికీ సమాన వాటాయే అని కట్టడ చేశాడు. సమూయేలు మొదటి గ్రంథం 30లో ఉంది.

గుండిగలు అద్దెవి. తెచ్చినప్పుడు ఎన్నో సుద్దతో గోడ మీద రాశారు, అదిగో. పెద్దవి ఆరు, చిన్నవి నాలుగు, బకెట్లు పన్నెండు, గరిటెలు ఇరవై, మూతలు పది. గుండిగ ఎప్పుడూ పోదు, పోయేది మూతే. పిల్లలు దాని మీద ఇసక పోసుకుని ఆడుకుంటారు, షాపువాడు విడిగా డబ్బు కట్టించుకుంటాడు. ఇప్పుడు తొమ్మిదే కనపడుతున్నాయి. అత్తయ్యా, ఆ వేపచెట్టు కింద ఒకసారి చూడు.