పట్టపగలు వీధిలైటు, పంచాయతీ ఖాతాలో సున్నా

నమస్కారం అండీ. ఈ వీడియో కరెంటు బిల్లు గురించి. మీ ఇంటి బిల్లు కాదు, మీ ఊరి బిల్లు. ఊరికి కూడా కరెంటు బిల్లు వస్తుందని, అది మన పంచాయతీయే కట్టాలని చాలామందికి గుర్తుండదు. నాకూ ఈ మధ్యే బుర్రకెక్కింది.

సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. ఖమ్మం జిల్లాలో, ఆంధ్రా బోర్డర్‌కి దగ్గర. పేరు చెప్పను, చెప్తే మా బాబాయి మళ్లీ గడప తొక్కనివ్వడు. కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా కరెంటు స్తంభం. దాని మీద లైటు వెలుగుతోంది. పన్నెండున్నర అయింది, ఎండ చుర్రుమంటోంది, లైటు మాత్రం తన డ్యూటీ తను చేస్తోంది.

"బాబాయ్, దాన్ని ఎవరూ ఆర్పరా?" అన్నాను.

"ఆర్పడానికి స్విచ్చేదిరా? కరెంటుంటే వెలుగుద్ది, పోతే ఆరిపోద్ది" అన్నాడు. అని, ఇంటి ముందున్న మురుగుకాల్వ వైపు చెయ్యి చూపించి, "అది వదిలేయ్. ముందు దీని సంగతి అడుగు. పూడిక తీయమంటే డబ్బుల్లేవంటారు" అన్నాడు.

మా బాబాయికి లైటు వేరు, కాల్వ వేరు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే కాగితానికి ముందు పేజీ, వెనక పేజీలా కనిపించాయి. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఊళ్లో 100 వీధిలైట్లు ఉన్నాయనుకోండి. ఒక్కోటి 20 వాట్ల ఎల్ఈడీ. అన్నీ కలిపితే 2 కిలోవాట్లు. పగటిపూట 12 గంటలు ఊరికే వెలిగితే రోజుకు 24 యూనిట్లు. నెలకు 720. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే నెలకు 5,040. ఏడాదికి 60 వేల పైమాటే. ఇప్పుడు ఇంకో లెక్క. ఇంటికి 200 చొప్పున 300 ఇళ్లవాళ్లు ఇంటిపన్ను కట్టారనుకోండి, అదీ 60 వేలే. అంటే పన్ను వసూలు చేసే పంచాయతీ ఉద్యోగి, అదే కారోబార్, గుమ్మం గుమ్మం తిరిగి, బతిమాలి, కొన్నిచోట్ల తిట్లు తిని వసూలు చేసిన పన్నంతా సూర్యుడికి దీపం చూపించడానికి అయిపోతోంది. ఇది ఎల్ఈడీల లెక్క. పాత ట్యూబులైట్లు ఉన్న వీధి అయితే దీనికి రెండింతలు వేసుకోండి.

మరి స్విచ్ ఎందుకు లేదు? లైన్‌మన్‌ని అడిగితే ఒక్క ముక్కలో చెప్తాడు: మూడో వైరు లేదు. ఇళ్లకు కరెంటు వెళ్లే తీగ నుంచే వీధిలైటుకు కూడా కనెక్షన్ ఇచ్చేస్తే, ఇళ్లల్లో కరెంటు ఉన్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది. విడిగా వీధిలైట్ల కోసం ఒక తీగ లాగి, దానికి ఒక బాక్సు, స్విచ్, మీటరు పెడితే అప్పుడు సాయంత్రం వేసి పొద్దున ఆర్పొచ్చు. దీన్నే మూడో వైరు అంటారు. తెలంగాణలో 2019 సెప్టెంబర్‌లో ఊళ్లను బాగుచేసే ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతి మొదలైనప్పుడు పవర్ వీక్ పేరుతో ఈ పని మీదే పడ్డారు. చాలా ఊళ్లలో తీగలు లాగారు, మీటర్లు పెట్టారు. చాలా ఊళ్లలో మెయిన్ రోడ్డు వరకు లాగి, లోపలి బజార్లు అలాగే వదిలేశారు.

మీటరు లేనిచోట బిల్లు ఎలా వస్తుంది? లైట్లు లెక్కపెట్టి, ఇంత లోడు, ఇన్ని గంటలు అని అంచనా కట్టి వేస్తారు. అసలు కథ ఇక్కడుంది. ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీలు పెట్టినా డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, పుస్తకంలో లోడు మార్పించకపోతే, పాత లెక్కే నడుస్తుంది. మంచినీళ్ల బోరుదీ అదే తంతు. బోరు ఎండిపోయి మోటారు పైకి తీసేసినా, ఈ సర్వీసు, అంటే కరెంటు కనెక్షన్, రద్దు చేయండి అని ఎవరో ఒకరు దరఖాస్తు రాసివ్వకపోతే నెలనెలా చార్జీ పడుతూనే ఉంటుంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కొన్ని ఊళ్లలో పాత బోర్లతో పనే లేదు. మరి వాటి సర్వీసు నంబర్లు? మీ ఊరివి ఎన్నున్నాయో మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఆయనకి వెంటనే తెలిస్తే అదృష్టవంతులు.

నేను కార్యదర్శులను తిట్టడానికి కూర్చోలేదు. పాపం ఆ కుర్రాళ్ల పరిస్థితి నాకు తెలుసు. పొద్దున్నే పారిశుద్ధ్యం ఫోటో అప్‌లోడ్, తర్వాత మొక్కల నర్సరీ, తర్వాత మండలంలో మీటింగ్. ఇందులో కరెంటు బిల్లు కూర్చుని చదివే టైమ్ ఎక్కడిది?

సరే, ఈ బిల్లు ఏ డబ్బుతో కట్టాలి? పంచాయతీకి సొంతంగా వచ్చేది ఇంటిపన్ను, నల్లా బిల్లు, సంత వేలం, లైసెన్సు ఫీజులు లాంటివి. చిన్న ఊళ్లలో అది జీతాలకే చాలదు. పెద్ద ఆసరా కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. వినడానికి పెద్ద అంకె. కానీ అందులో 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని కట్టడి పెట్టింది. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది, జీతాలకు మాత్రం కాదు. వీధిలైట్ల బిల్లు కట్టాలంటే ఆ 40 లోంచి తీయాల్సి వచ్చేది, లేదా ఇంటిపన్ను లోంచి. సీసీ రోడ్డు ముక్క వేయాలన్నా, శ్మశానానికి దారి వేయాలన్నా చెయ్యి పెట్టేది ఆ సంచిలోనే. అందుకే లైటుకీ రోడ్డుకీ పోటీ.

ఇక్కడ బోర్డర్ దాటి అవతలికి వెళ్దాం. మా అమ్మమ్మ వాళ్లది కృష్ణా జిల్లా కాబట్టి అటు సంగతులూ చెవిన పడుతుంటాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కొత్త సర్పంచులు ఏప్రిల్‌లో కుర్చీ ఎక్కారు. ఆ ఏడాది నవంబర్ వచ్చేసరికి చాలామంది ఖాతాలు చూసుకుంటే సున్నా. కేంద్రం నుంచి వచ్చిన ఆర్థిక సంఘం నిధులను పంచాయతీలు డిస్కంలకు పడ్డ పాత కరెంటు బకాయిల కింద రాష్ట్ర స్థాయిలోనే జమ వేసేశారు. సర్పంచ్ సంతకం లేదు, పాలకవర్గం తీర్మానం లేదు. సర్పంచులు రోడ్డెక్కారు, జోలె పట్టుకుని భిక్షాటన చేశారు. అందులో అప్పటి అధికార పార్టీ మద్దతుతో గెలిచినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత పంచాయతీలకు విడిగా బ్యాంకు ఖాతాలు తెరిపించి నిధులు ఎటు పోయాయో చూపించే కేంద్రం ఆన్‌లైన్ లెక్కకి, అదే పీఎఫ్ఎంఎస్ పద్ధతికి, ముడిపెట్టారు.

ప్రభుత్వం వాదన ఏంటంటే, బకాయి బకాయే కదా, ఎప్పటికైనా కట్టాల్సిందే కదా అని. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఒక్క మాట ఆలోచించండి. మీరు కిరాణా కొట్లో బాకీ ఉన్నారు. నిజమే. అయితే ఆ కొట్టాయన వచ్చి మీరు లేనప్పుడు మీ బీరువా తెరిచి తీసుకుపోతే ఒప్పుకుంటారా? పైగా ఇక్కడ కొట్టూ ప్రభుత్వానిదే, బీరువా తాళంచెవీ ప్రభుత్వం చేతిలోనే. డిస్కంలు ప్రభుత్వ సంస్థలే. ఎడమ జేబులోది తీసి కుడి జేబులో వేసుకున్నారు, మధ్యలో ఖాళీ అయింది ఊరు. అంతకంటే నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఆ బకాయి సరైన బకాయేనా అని తేల్చుకునే అవకాశం ఊరికి ఇవ్వలేదు. అంచనా బిల్లు ఎంత, ఎండిపోయిన బోరుది ఎంత, మీద సర్‌చార్జి ఎంత? సర్పంచ్ అడగొచ్చు కదా? అడిగేలోపే కట్టేశారు.

దీనికి పాత కథ ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మైనర్ పంచాయతీల, అంటే చిన్న పంచాయతీల, కరెంటు బిల్లులు ప్రభుత్వమే చూసుకునే ఏర్పాటు చాలాకాలం నడిచింది. ఎవరో కడుతున్నారు కాబట్టి లైటు ఆర్పాలన్న ధ్యాస ఎవరికీ లేదు. తర్వాత మీ బిల్లులు మీరే కట్టుకోండి అన్నారు. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు గ్రామ పంచాయతీలకు ఏకంగా 2,00,292 కోట్లు ఇవ్వమంది, కాబట్టి ఇప్పుడు మీ దగ్గర డబ్బుంది అన్నమాట. అలవాటు మారలేదు, బిల్లు మాత్రం చేతులు మారింది. సర్పంచుల సంఘాలు ఈ రోజుకీ మైనర్ పంచాయతీల బిల్లు ప్రభుత్వమే కట్టాలని అడుగుతుంటాయి. నేను దీంతో పూర్తిగా ఏకీభవించను. ఎవరో కడతారంటే పగటి లైటు పగలే వెలుగుతుంది.

పంచాయతీని మనవాళ్లు ఎంత తేలిగ్గా చూశారో ఒక ముచ్చట చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 15కి, జనవరి 26కి జెండా పండుగ ఖర్చు కింద మైనర్ పంచాయతీకి 100 రూపాయలు, మేజర్ పంచాయతీకి 250 ఇచ్చేవారు. దశాబ్దాలపాటు అంతే. ఇప్పుడు 100 రూపాయలకి బిళ్లలు, చాక్లెట్లు కూడా బడి పిల్లలందరికీ సరిపోవు. 2024లో పంచాయతీరాజ్ మంత్రిగా వచ్చిన పవన్ కల్యాణ్ దాన్ని 10 వేలు, 25 వేలు చేశారు. మంచి పనే. కానీ అన్నేళ్లు ఆ 100 రూపాయల అంకెను చూసి సంతకం పెట్టిన వాళ్లెవరికీ నవ్వు రాలేదా అని నా అనుమానం.

తెలంగాణకి వద్దాం. ఇక్కడ గొడవ ఇంకో రకం. పల్లె ప్రగతిలో రాష్ట్రంలోని పంచాయతీలన్నిటికీ కలిపి నెలకు 339 కోట్లు అన్నారు. ఊరికో ట్రాక్టర్, ట్యాంకర్, నర్సరీ, శ్మశానవాటిక. ట్రాక్టర్ అప్పు మీద వచ్చింది కాబట్టి నెలనెలా వాయిదా. బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు. పైన కరెంటు బిల్లు. సర్పంచులు శ్మశానవాటికలు, రైతు వేదికలు చేతి డబ్బుతో, అప్పులతో కట్టారు. ఇంజినీర్ పని కొలిచి ఎంబీ పుస్తకంలో ఎక్కించాక బిల్లు ట్రెజరీలో పడుకుంది. ఫ్రీజింగ్ అంటే తెలుసుగా, చెక్కు ఉంటుంది, డబ్బు రాదు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. ఆ దాదాపు రెండేళ్లూ ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి ఆర్థిక సంఘం నిధులకు బ్రేక్ పడింది. ట్రాక్టర్ డీజిల్‌కి, కాలిపోయిన బల్బుకి కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్న ఊళ్లు ఎన్నో.

మా ఊళ్లో కూడా మాజీ సర్పంచ్ ఒకాయన ఉన్నాడు, నాకు అన్న వరస. "తమ్ముడూ, నేను దిగిపోయాను గానీ నా మీద వడ్డీ దిగలా" అన్నాడు. ఇంకేం మాట్లాడాలో తెలియక టీ తాగి వచ్చేశాను.

సరే, మీరు ఇంట్లో కూర్చుని చూడగలిగింది ఒకటుంది. ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కేంద్ర పోర్టల్, మేరీ పంచాయత్ అనే యాప్. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఏ ఏడాది ఎంత వచ్చింది, దేనికి ఖర్చు చూపించారు అన్నది వోచర్ల వారీగా వస్తుంది. నేను మా ఊరిది తెరిచాను. ఒక అరగంట తిప్పలు పెట్టింది, ఓపిక పట్టండి. అక్కడ కరెంటు చార్జీల వరసను, కాల్వలు రోడ్ల వరసను పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత గ్రామసభ ఉంటుంది కదా, తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. అక్కడికి వెళ్లి అవినీతి, కుంభకోణం అని అరవక్కర్లేదు. మూడు కాగితాలు అడగండి: ఊరి పేరు మీదున్న సర్వీసు నంబర్ల జాబితా, పోయిన నెల మీటరు రీడింగ్, డిస్కం దగ్గర నమోదైన లైట్ల లెక్క. ఆ లెక్క పట్టుకుని స్తంభాలు లెక్కపెట్టుకుంటూ ఊరంతా ఒకసారి నడవండి. నేను నడిచాను. మా బజార్లో కాగితం మీద 14 లైట్లు, స్తంభాల మీద 9.

ఆ 5 లైట్ల సంగతి అడిగితే పాత లెక్క అలా ఉండిపోయిందన్నారు. దరఖాస్తు ఇచ్చాం. ఇంకా మారలేదు.

మూడో వైరు సంగతి కూడా కదిలింది లెండి. మొన్న బాబాయికి ఫోన్ చేస్తే చెప్పాడు. తీగ లాగారట, పంచాయతీ ఆఫీసు వెనక బాక్సు పెట్టారట, పిల్లలు ముట్టుకోకుండా దానికి తాళం కూడా వేశారట.

"మరి పొద్దున ఎవరు ఆర్పుతున్నారు బాబాయ్?"

"తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిస్తే ఆర్పుతారురా" అన్నాడు.