మన ఒంట్లో లేని ఎంజైమ్

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

సైన్స్ దినోత్సవానికి మహబూబ్‌నగర్ రమ్మనగానే ఏం మాట్లాడాలో తేల్చుకున్నాను. బర్రెలు, ఎద్దులు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మీలో చాలామంది. వాటికి సర్రా రోగం తెచ్చే ట్రిపనోసోమా జాతి పరాన్నజీవుల్లో ఒక ఫాస్ఫటేజ్ ఎంజైమ్ ఉంది. పేరు ఆల్ఫ్-1. మన పాఠ్యపుస్తకాల్లో ఇది కనిపించదు.

కైనేజ్‌లు ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి, ఫాస్ఫటేజ్‌లు తీసేస్తాయి. కణంలో సగం పనులు దీని మీదే నడుస్తాయి. ఈ సంగతి బయటపెట్టినందుకే ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది. విడుదలైన ఫాస్ఫేట్‌ను మీరు ప్రాక్టికల్స్‌లో నీలిరంగును బట్టి కొలుస్తారు కదా, ఆ పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ నీలిరంగు చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

బ్యాక్టీరియాలో అపాహెచ్ అనే ఎంజైమ్ ఉంది. రెండు అడినోసిన్‌లను నాలుగు ఫాస్ఫేట్‌లు కలిపి పట్టుకున్న అణువును అది విడగొడుతుంది. యూకేరియోట్‌లలో, అంటే కణాల్లో కేంద్రకం ఉన్న జీవుల్లో, దాని బంధువులే ఆల్ఫ్‌లు; అపాహెచ్ లాంటి ఫాస్ఫటేజ్‌లని ఆ పేరుకు అర్థం. ఈస్ట్‌లో ఉన్న ఆల్ఫ్ పాలీఫాస్ఫేట్ గొలుసులను తెంపుతుంది. ఇవి చాలా ఏకకణ జీవుల్లో ఉన్నాయి కానీ క్షీరదాల్లో లేవు. మనిషి రోగాల కోసం మనిషి జన్యువులనే వెతికేవాళ్లకు ఇవి కంటపడకపోవడంలో వింత లేదు.

ట్రిపనోసోమా దగ్గరికి వస్తే కథ చిక్కబడుతుంది. మన కణాల్లో దాదాపు ప్రతి జన్యువుకూ సొంత స్విచ్ ఉంటుంది. ట్రిపనోసోమాలో అలా కాదు. పదుల కొద్దీ జన్యువులు ఒకే వరసలో, బస్ కండక్టర్ చేతిలోని టికెట్ల కట్టలా, ఒకే పొడవాటి ఆర్‌ఎన్‌ఏగా వస్తాయి. దాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మొదట్లో 39 న్యూక్లియోటైడ్‌ల చిన్న భాగాన్ని అతికిస్తుంది కణం. ఆ భాగం కొసన ఉండే రక్షణ కవచమే క్యాప్. ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలో మొదట్లోనే తేల్చే వీల్లేదు కాబట్టి, ఏ ఆర్‌ఎన్‌ఏ ఎంతసేపు బతకాలన్నదే అసలు అదుపు. బతుకు ముగించాలంటే ముందు క్యాప్ ఊడాలి. మనలో ఆ పని డీసీపీ-2 అనే ఎంజైమ్ చేస్తుంది. ట్రిపనోసోమాలో డీసీపీ-2 లేనే లేదు! మరి ఎవరు ఊడదీస్తున్నారు? చాలాకాలం జవాబు దొరకలేదు. 2017లో జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో సుసానె క్రామర్ బృందం ఆ పని ఆల్ఫ్-1దేనని చూపించింది. దాన్ని తగ్గించేస్తే, చివర ఉండే ఏ-అక్షరాల తోక తెగినా క్యాప్ ఊడని ఆర్‌ఎన్‌ఏలు కణంలో పేరుకుపోయాయి, పరాన్నజీవి పెరగలేకపోయింది. ప్రొటీన్ల మీద పనిచేసే ఫాస్ఫటేజ్‌ల కుటుంబంలో పుట్టి, ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

సర్రా సంగతి మీకు తెలిసిందే. జోరీగలు కుట్టి ఒక పశువు నెత్తురు మరోదానికి అంటిస్తాయి. విడిచి విడిచి జ్వరం, పాలు తగ్గడం, చిక్కిపోవడం. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్రాలు, ఒంటెల నెత్తుటిలో దీన్ని చూశాడు. ఇప్పటికీ డిమినాజీన్, క్వినాపైరమిన్ లాంటి పాత మందులే దిక్కు, వాటికీ కొన్నిచోట్ల లొంగడం లేదు. ఆల్ఫ్-1ను దెబ్బతీసే మందు దొరికితే అది పరాన్నజీవికే తగలాలి, ఎందుకంటే ఆ ఎంజైమ్ బర్రెలోనూ లేదు, మనిషిలోనూ లేదు. అందుకే దీని మీద పనిచేసేవాళ్లు పెరగాలని నా ఆశ.

మన దగ్గర పెద్ద ల్యాబ్ లేదని ఆగక్కర్లేదు. అమెరికా వాళ్ల జీవశాస్త్ర సమాచార వెబ్‌సైట్ ఎన్‌సీబీఐలో ఈ ప్రొటీన్ల అమైనో ఆమ్లాల వరుసలు, ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరంగా, ఉచితంగా దొరుకుతాయి. ట్రిపనోసోమా, దాని బంధువైన పరాన్నజీవి లీష్మానియా, ఈస్ట్ ఆల్ఫ్‌లను పక్కపక్కన పెట్టి ఏ అక్షరాలు మారలేదో చూడండి. ఎంజైమ్ పనికి తప్పనిసరైన భాగాలు అక్కడే కనిపిస్తాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా తీసుకోవాలనుకునే వాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి, ఎలా మొదలుపెట్టాలో కంప్యూటర్ దగ్గర కూర్చుని చూపిస్తాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.