ఒక్క ఊరి పేరు పట్టుకుని ఎంత దూరం వెళ్ళొచ్చు? తెలుగు, చరిత్ర ప్రాజెక్టులకి లైబ్రరీ పాఠం

నమస్కారం. నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. లైబ్రరీ కూడా నేనే చూసుకుంటాను. లైబ్రరీ అంటే మూడు బీరువాలు, ఒక పొడవాటి బల్ల, గోడకి జిల్లా పటం. మీ బడిలోనూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ప్రాజెక్టులు ఇచ్చిన వారంలో పిల్లలు వచ్చి, "టీచర్, మా ఊరి చరిత్ర రాయాలి, ఆ పుస్తకం ఇవ్వండి" అని అడుగుతారు. ఆ పేరుతో పుస్తకం ఏ బీరువాలోనూ ఉండదు. నిఘంటువులో ఒక ముక్క, గెజెటీర్‌లో (ప్రభుత్వం అచ్చువేసిన జిల్లా వివరాల పుస్తకంలో) ఒక ముక్క, గుడి గోడ మీద ఒక ముక్క, మీ మామ్మగారి దగ్గర ఒక ముక్క ఉంటాయి. వాటిని ఏరి తెచ్చుకోవాలి. ఎక్కడ ఏరాలో, ఎలా ఏరాలో ఇవాళ చూద్దాం. నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు ప్రశ్నని చిన్నది చేసుకోవాలి. "నర్సాపురం చరిత్ర" అంటే వెయ్యి పేజీలైనా చాలవు. మా దగ్గర పదో తరగతి అమ్మాయి ఒకరు అలాగే మొదలుపెట్టింది. నర్సాపురంలో నీకు తెలిసిన పాత పేరు ఒకటి చెప్పమంటే, "మాధవాయపాలెం, మా అమ్మమ్మవాళ్ళది అటువైపే" అంది. సరే, ఆ ఒక్క పేరే పట్టుకుందాం అన్నాను.

[తెర మీద నిఘంటువు పేజీ]

ఇది హాబ్సన్-జాబ్సన్. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి 1886లో అచ్చువేయించిన నిఘంటువు. మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాటలు ఇందులో ఉంటాయి. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో "మడపొల్లం" అని వెతికాం. దొరికింది! అది ఒక రకం నూలు బట్ట పేరట. ఆ పేరు గోదావరి పాయ ఒడ్డునున్న మాధవాయపాలెం నుంచి వచ్చిందట. ఈ డెల్టాలో ఈస్టిండియా కంపెనీకి మూడు వ్యాపార కేంద్రాలు ఉండేవని, మిగతా రెండూ బెండమూర్లంక, ఇంజరం అని కూడా అక్కడే ఉంది.

అమ్మమ్మగారి ఊరి పేరు లండన్‌లో అచ్చయిన నిఘంటువులో కనపడగానే ఆ పిల్ల ముఖం చూడాల్సింది. అప్పటి నుంచి తనని వెతకమని నేను అడగలేదు, తనే వెతుక్కుంది. ఏ బట్టలు నేసేవారు? ఎవరు నేసేవారు? 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం మానుకోవాల్సి వచ్చింది కదా, మరి ఆ నేతపనివాళ్ళు ఏమయ్యారు? ప్రాజెక్టుకి పనికొచ్చే ప్రశ్నలంటే ఇవీ.

ఇప్పుడు మన బీరువా దగ్గరికి వద్దాం. లైబ్రరీలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది అక్సెషన్ రిజిస్టర్. బడికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరస నంబరు వేసి అందులో రాస్తారు. కంప్యూటర్ కేటలాగు లేని బళ్ళలో మనకి అదే కేటలాగు. పేజీలన్నీ తిప్పండి, అరగంట పడుతుంది. వీపు మీద నంబర్లు వేసిన పుస్తకాలైతే పని ఇంకా తేలిక. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో 800లు సాహిత్యం, 900లు చరిత్ర. తెలుగు సాహిత్యం 894.827, భారతదేశ చరిత్ర 954. ఈ మూడు నాలుగు నంబర్లు గుర్తుంటే ఏ ఊరి లైబ్రరీలోనైనా సరైన అర ముందుకి వెళ్ళి నిలబడగలరు.

పిల్లలు చెయ్యి పెట్టని అర ఒకటుంటుంది. పాత సావనీర్లు, బడి స్వర్ణోత్సవ సంచికలు, దేవాలయ చరిత్రలు, బైండు చేసిన మాసపత్రికలు అందులో ఉంటాయి. చూడ్డానికి దుమ్ము కొట్టుకుని ఉంటాయి గానీ స్థానిక చరిత్రకి అంత పనికొచ్చేవి వేరే లేవు. ఊళ్ళోకి కరెంటు ఎప్పుడొచ్చింది, బడికి స్థలం ఎవరిచ్చారు, ఏ వరదకి ఏ వంతెన పోయింది లాంటివి వాటిలోనే దొరుకుతాయి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇలాంటివన్నీ చెదలు పట్టాయని తూకానికి అమ్మేశారు. ఆ మర్నాడు వెళ్ళాను నేను. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. మీ బడిలో ఆ అర ఇంకా ఉంటే, మీ టీచరుగారిని అడిగి ఒక్కో అట్టకీ, విషయసూచికకీ ఫోనుతో ఫోటో తీసి పెట్టండి.

బడిలో దొరకకపోతే మీ మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటుంది. మీ నాన్నగారు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. కాబట్టి మొహమాటపడకండి, అది మన డబ్బుతో నడిచేదే. రాజమండ్రి వెళ్ళగలిగితే గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళండి. నాళం కృష్ణారావు గారు 1898లో మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం దానికి మూలం. కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియంలో తాటాకు గ్రంథాలు ఉన్నాయి. పిఠాపురం రాజావారి పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ పరిషత్తు పనే. పెద్ద పెద్ద సంపుటాలు ఎనిమిది. పాత పద్యంలో మాట అర్థం కాకపోతే గైడు చూడకండి, ఈ నిఘంటువు చూడండి. ఏ కవి ఆ మాటని ఎక్కడ వాడాడో ఉదాహరణతో సహా ఇస్తుంది. ఆంధ్రభారతి సైట్‌లో ఒకేసారి చాలా నిఘంటువుల్లో వెతుక్కునే వీలు కూడా ఉంది.

[తెర మీద ఫోను]

ఇంటర్నెట్‌లో నేను ముందు చూపించేది తెలుగు వికీసోర్స్. వికీపీడియా వేరు, ఇది వేరు. కాపీరైటు తీరిన పుస్తకాలు ఇక్కడ ఉంటాయి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ళకి పుస్తకం అందరిదీ అవుతుంది. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు. అంటే 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. వికీసోర్స్‌లో ఒక సౌకర్యం ఉంది. పక్కన పేజీ నంబరు నొక్కితే అసలు పుస్తకం బొమ్మ కనపడుతుంది. టైపు చేసినదాంట్లో తప్పుందేమో అనిపిస్తే ఆ బొమ్మతో సరిచూసుకోవాలి.

రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్ (archive.org). డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు అందులో ఉన్నాయి. చిక్కేమిటంటే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోటి ఒక్కో రకంగా రాసి ఉంటాయి. ఒక స్పెల్లింగుతో రాకపోతే పుస్తకం లేదనుకోకండి. దీర్ఘానికి ఒక అక్షరం, రెండక్షరాలు పెట్టి చూడండి. రచయిత పేరుతో చూడండి. అలాగే పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మన ఊళ్ళ పేర్లు వేరేగా ఉంటాయి. కాకినాడ "కోకనాడ", ఏలూరు "ఎల్లోర్", గోదావరి ఇంగ్లీషు స్పెల్లింగు (Godavery) చివర కూడా వేరు. పాత తెలుగు పుస్తకాల్లో అరసున్న, బండి ఱ ఉంటాయి కాబట్టి ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే తగలవు. ఊరి పేరు ఎన్ని రకాలుగా రాసేవారో ముందే ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి. నేను ఇది తెలియక చాలా రోజులు పోగొట్టుకున్నాను.

పాత వార్తాపత్రికలకి ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన సంచికలు, ప్రభుత్వ దస్తావేజులకి జాతీయ అభిలేఖాగారం వాళ్ళ అభిలేఖ్ పటల్ సైట్, ఊళ్ళవారీ జనాభా లెక్కలకి సెన్సస్ జిల్లా హ్యాండ్‌బుక్కు ఉన్నాయి. వీటి గురించి విడిగా వీడియో చేస్తాను.

పుస్తకం దొరికాక అసలు పని మొదలవుతుంది. సాహిత్యం తీసుకున్నవాళ్ళకి ఒక ఉదాహరణ. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఈ సంగతి మీ పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలుంటుంది. వీరేశలింగం గారి స్వీయచరిత్ర తెరవండి. ఎవరు సాయం చేశారు, ఎవరు తలుపులు వేసుకున్నారు అన్నీ ఆయన మాటల్లోనే ఉంటాయి. దీన్నే ప్రాథమిక ఆధారం అంటాం. జరిగినదాంట్లో ఉన్న మనిషి చెప్పిన మాట. అయితే ఆయన దాన్ని ఏళ్ళ తర్వాత కూర్చుని రాశారు, తన వైపు నుంచి రాశారు. అందుకని ఇంకొకరి మాట కూడా కావాలి. కొంచెం తర్వాత కాలపు రాజమండ్రిని దగ్గరగా చూసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారూ స్వీయచరిత్ర రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ తర్వాత శ్రీపాద వారి కథల్లో ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. కథ చరిత్రకి సాక్ష్యమా అని మీరు అడగొచ్చు. తేదీకి కాదు. కానీ మనుషులు దేనికి భయపడ్డారో, దేన్ని చూసి సిగ్గుపడ్డారో తెలుసుకోవడానికి కథ కన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట మీద రాసేవాళ్ళకీ ఇదే మాట. 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ జీవితచరిత్ర 1900లో వచ్చింది, రాసింది ఆయన కూతురు లేడీ హోప్. మోరిస్ గోదావరి జిల్లా గురించి 1878లో రాశాడు, ఆయన ప్రభుత్వోద్యోగి. కూతురు రాసినదీ ఉద్యోగి రాసినదీ ఒకేలా ఉండవు కదా. ఏ పుస్తకం తెరిచినా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చెప్తున్నారు, ఎప్పుడు చెప్తున్నారు, వాళ్ళకెలా తెలుసు?

ఈ ప్రశ్నలు ఎందుకంత అవసరమో కాకినాడ దగ్గరి పాత రేవు కోరింగ చెప్తుంది. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుఫాను ఉప్పెన కోరింగ రేవుని ముంచేసింది. ఇంటర్నెట్‌లో వెతకండి. 1839లో 3 లక్షల మంది పోయారని, 20 వేల ఓడలు మునిగాయని చాలా చోట్ల ఉంటుంది. అన్నిచోట్లా ఉంది కదా, నిజమే అనుకుంటాం. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ రేవులో 20 వేల ఓడలు నిలవగలవా? కోరింగ చుట్టుపక్కల 3 లక్షల మంది ఉండేవారా? లెక్కపెట్టింది ఎవరు? ఒక సైట్ నుంచి ఇంకో సైట్ ఎత్తిరాసుకుంటే పది సైట్లయినా సాక్ష్యం ఒక్కటే. ఆ కాలానికి దగ్గరగా రాసిన పుస్తకం, అప్పటి పత్రిక దొరికేదాకా ఆ అంకెని మీ ప్రాజెక్టులో వేయకండి. "పెద్ద సంఖ్యలో చనిపోయారు" అని రాయండి, తప్పులేదు. మార్కులు పోతాయని టెన్షన్ పడకండి. ఏఐని అడిగినా ఇదే జాగ్రత్త. అది పుస్తకం పేరు, పేజీ నంబరు కూడా చెప్పేస్తుంది. ఆ పుస్తకం తెరిచి, ఆ పేజీ మీ కళ్ళతో చూశాకే రాయండి.

శాసనాలు మన డెల్టా పిల్లలకి దొరికిన భాగ్యం. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. వాటి పాఠాలు దక్షిణ భారత శాసనాలు నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి, స్కాన్ దొరుకుతుంది. శ్రీనాథుడి భీమేశ్వర పురాణం చదివేవాళ్ళు ఒకసారి ఆ గుడికి వెళ్ళి గోడలు చూసి రండి, పద్యం వేరేగా వినపడుతుంది. శాసనాల్లో సంవత్సరం శక సంవత్సరంలో ఉంటుంది. దానికి 78 కలపాలి. నన్నయ రాసిన నందంపూడి శాసనం శక 975, అంటే 1053. అది రాజరాజనరేంద్రుడు నందంపూడిని అగ్రహారంగా ఇచ్చిన దానపత్రం. ఆ ఊరు మన కోనసీమలోదే.

నోట్సు సంగతి. పేజీకి ఒకే విషయం రాయండి. పైన రచయిత, పుస్తకం, అచ్చయిన సంవత్సరం, పేజీ నంబరు. పుస్తకంలోని మాటే యథాతథంగా రాస్తే కొటేషన్లు పెట్టండి, మీ మాటలైతే వద్దు. ఆన్‌లైన్‌లో చూస్తే చూసిన తేదీ వేయండి. అంతే.

ఇక ఏ లైబ్రరీలోనూ లేని ఆధారం మీ ఇంట్లో ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు. అడిగి, రికార్డు చేయడానికి ఒప్పుకుంటేనే చేయండి. "వరద ఎలా ఉంది?" అని అడిగితే "అబ్బో, చాలా పెద్దది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "నీళ్ళు మన ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయి? గొడ్లని ఎక్కడికి తోలారు? ఆ రాత్రి ఏం వండారు?" అని అడగండి. చెప్పినవాళ్ళకి అప్పుడు ఎన్నేళ్ళో, ఏ లంకలో ఉండేవారో తప్పకుండా రాసుకోండి. వాళ్ళు ఏడిస్తే రికార్డింగు ఆపేయండి.

మాధవాయపాలెం అమ్మాయి ప్రాజెక్టు పద్నాలుగు పేజీలు వచ్చింది. నేతపనివాళ్ళు ఏమయ్యారన్న ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఎక్కడెక్కడ వెతికిందో మాత్రం చివరి పేజీలో రాసింది. ఆ ప్రాజెక్టు కాపీ ఒకటి బైండు చేయించి, అక్సెషన్ రిజిస్టర్లో నంబరు వేసి, 900ల అరలో పెట్టాను. మీరూ ప్రాజెక్టు అయ్యాక ఒక కాపీ మీ బడి లైబ్రరీకి ఇచ్చి నంబరు వేయించండి.