వెయ్యి గజాల దగ్గర గాలిదే పెత్తనం

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటూ రైఫిల్ పోటీల వైపు చూస్తున్న తెలుగువాళ్లు ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. ఏ స్కోపు (రైఫిల్ మీది టెలిస్కోపు) కొనాలి, ఏ తూటా ఎంచుకోవాలి అన్నది నిర్వాహకులు నాకిచ్చిన అంశం. దుకాణానికి తీసుకెళ్లే చీటీ కోసం వచ్చినవాళ్లు మాత్రం కాస్త నిరాశపడతారు.

మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో టెలిస్కోపు పెట్టుకోనివ్వరు, గాలి ఊసే ఉండదు. మన దూరం 1,000 గజాలు, అంటే 914 మీటర్లు. కొత్తవాళ్లు ఇక్కడ బులెట్ కిందికి జారిపోతుందని బెంగపడతారు. నిజమే, .308 విన్‌చెస్టర్ అనే తూటాలో 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలత) మ్యాచ్ బులెట్ సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయలుదేరినా, 100 గజాలకు గురి కుదిర్చిన రైఫిల్ నుంచి అంత దూరం వెళ్లేసరికి ముప్పై అడుగులకు పైగా దిగిపోతుంది. కానీ అది లెక్క. ఫోనులో బాలిస్టిక్ కాలిక్యులేటర్ చూసుకుని టరెట్ (స్కోపు మీద గురి సరిచేసే గుండీ) తిప్పితే సరిపోతుంది. గాలిని మాత్రం ఎవరికి వాళ్లు చూసి అంచనా వేసుకోవలసిందే.

కాబట్టి తూటా సంగతి గాలితోనే మొదలుపెడదాం. గంటకు 10 మైళ్ల గాలి పూర్తిగా పక్కనుంచి వీస్తే ఆ .308 బులెట్ దాదాపు ఎనిమిది అడుగులు పక్కకు పోతుంది. 6.5 క్రీడ్‌మోర్ అనే మరో తూటాలో 140 గ్రెయిన్ల సన్నని పొడవాటి బులెట్ అయితే సుమారు ఆరు అడుగులు. రెండడుగుల తేడాకే ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. ఎఫ్-క్లాస్ (పడుకుని, రైఫిల్‌ను ఆధారం మీద ఉంచి స్కోపుతో కాల్చే పోటీ) లక్ష్యం మీద పది మార్కుల వలయం వ్యాసం 10 అంగుళాలు, అంటే కేంద్రం నుంచి ఐదే అంగుళాలు. గాలి వేగాన్ని గంటకు అర మైలు తప్పుగా చదివితే .308 దాదాపు ఆ గీత మీదికే పోతుంది, 6.5 ఇంకా లోపలే ఉంటుంది. ఒక మైలు తప్పితే రెండూ పదిని పోగొట్టుకుంటాయి. అప్పుడు 6.5కి తొమ్మిది నికరం, .308కి ఆ తొమ్మిది కూడా అంచు మీద ఉంటుంది.

మరి అందరూ 6.5 కొనేయవచ్చా? ముందు ఏ విభాగంలో ఆడతారో తేల్చుకోండి. ఎఫ్-క్లాస్‌లో ఎఫ్-టీఆర్, ఎఫ్-ఓపెన్ అని రెండు విభాగాలు. ఎఫ్-టీఆర్‌లో .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్ తప్ప మరొకటి ఒప్పుకోరు. బైపాడ్ (రైఫిల్ ముందు రెండు కాళ్ల ఆధారం), స్కోపు కలుపుకొని బరువు 8.25 కిలోలు దాటకూడదు. 6.5తో వెళితే ఎఫ్-ఓపెన్‌లో పది కిలోల రైఫిళ్లతో, ఇంకా వేగమైన తూటాలతో తలపడాలి. నన్నడిగితే మొదటి రైఫిల్ .308 కావడమే మంచిది. 1952 నాటి తూటా కనుక పాతబడిందని కొందరు పెదవి విరుస్తారు. పోనివ్వండి. గాలిని తప్పుగా చదివిన ప్రతిసారీ అది కాగితం మీద చూపించేస్తుంది, పైగా బ్యారెల్ మామూలుగా ఐదు వేల రౌండ్ల దాకా నిలుస్తుంది. 6.5 బ్యారెల్ రెండు మూడు వేలకే అలసిపోతుంది. పోటీలకు వెళ్లకుండా రేంజిలో సరదాగా కాల్చుకునేవారికైతే 6.5 క్రీడ్‌మోరే హాయి.

ఒక హెచ్చరిక. .308లో 168 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్ పేరు విని పెట్టెలకు పెట్టెలు కొనకండి. దాన్ని 300 మీటర్ల పోటీల కోసం రూపొందించారు. 1,000 గజాలకు చేరేలోపే ధ్వని వేగం దగ్గరికి పడిపోయి తడబడుతుంది. 175 తీసుకోండి.

ఇక స్కోపు. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డబ్బు తగలేసుకునేది ఇక్కడే. అందరూ ముందు అడిగేది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందని. నేను చివర అడుగుతాను. ముందు చూడవలసింది టరెట్ తిప్పినంత మేరా రెటికిల్ (స్కోపులోని గురిగీత) కదులుతోందా, తిరిగి తిప్పితే మొదటి చోటికే వస్తోందా అన్నది. ఇంటికి తెచ్చాక పరీక్షించండి. టేపుతో కొలిచిన 100 గజాల దగ్గర పొడవాటి అట్ట నిలబెట్టి, తూకపు దారంతో నిలువు గీత గీయండి. అడుగున కాల్చి, 30 ఎంఓఏ (కోణం కొలత; ఒక ఎంఓఏ 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం) పైకి తిప్పి, అదే బిందువుకు గురిపెట్టి మళ్లీ కాల్చండి. రెండు గుంపుల మధ్య 31.4 అంగుళాలు ఉండాలి. 30.5 వస్తే మూడు శాతం తరుగు. అది 1,000 గజాల దగ్గర పది అంగుళాలకు పైగా తేడా. రెండో గుంపు గీతకు పక్కగా పడితే స్కోపు వంకరగా బిగించారన్న మాట.

తర్వాత ఎంత దూరం తిప్పగలదో చూడండి. స్కోపు మొత్తం కదలిక 60 ఎంఓఏ అయితే మధ్య నుంచి పైకి మిగిలేది 30. మన .308కి కావలసింది దాదాపు 40. అందుకే 20 ఎంఓఏ వాలు ఉన్న రైలు (రైఫిల్ మీద స్కోపు బిగించే పట్టీ) మీద బిగిస్తారు. ఇది తెలియక కొత్త స్కోపును తిట్టుకునేవాళ్లు చాలామంది.

పారలాక్స్ సరిచేసే మీట పక్కన ఉండి తీరాలి. తల కొద్దిగా కదిపినా గురిగీత లక్ష్యం మీద జారకూడదు; ఆ జారుడే పారలాక్స్. క్లిక్కుల విషయానికొస్తే పావు ఎంఓఏ అంటే 1,000 గజాల దగ్గర 2.6 అంగుళాలు, 0.1 మిల్ (మరో కోణం కొలత) అంటే 3.6. పది వలయం లోపల ఉండే ఐదంగుళాల ఎక్స్ వలయం కోసం పోరాడేవారు అందుకే ఎనిమిదో వంతు ఎంఓఏ కోరుకుంటారు. దూరం తెలిసిన పోటీ కనుక రెండో ఫోకల్ ప్లేన్ స్కోపు (రెట్లు మార్చినా గురిగీత పరిమాణం మారనిది) చాలు, రెట్లతో పాటు గురిగీతా పెరిగే మొదటి ఫోకల్ ప్లేన్ దానికి అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు.

రెట్ల సంగతికి వద్దాం. 56 మిల్లీమీటర్ల కటకాన్ని 40 రెట్లకు తిప్పితే కంటికి చేరే వెలుగు వృత్తం 1.4 మిల్లీమీటర్లే. టెక్సస్ మధ్యాహ్నం ఎండమావులు లేచాయంటే లక్ష్యం బదులు నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు అనుభవజ్ఞులు 25కి దించేస్తారు. ఆ ఎండమావి ఏ వైపు పారుతోందో చూడండి, గాలి దిశ అదే చెబుతుంది.

ఎక్కువ రెట్లతో మరో చిక్కు ఉంది. చూపు ఇరుకై పక్క లక్ష్యం మీద కాల్చేస్తారు. 1874లో న్యూయార్క్ క్రీడ్‌మోర్ మైదానంలో ఐర్లండ్, అమెరికా జట్లు 800, 900, 1,000 గజాల దగ్గర తలపడినప్పుడు మిల్నర్ అనే ఐరిష్ ఆటగాడు లక్ష్యం నడిబొడ్డులో కొట్టాడు, కానీ అది అతని లక్ష్యం కాదు. అమెరికా 934–931తో గెలిచింది. ఆ మైదానం పేరే 2007లో వచ్చిన మన 6.5 తూటాకు పెట్టారు. కాబట్టి స్కోపు తిప్పి చూసేటప్పుడు నంబరు పలక కూడా కనిపించేంత తగ్గించి, అంకె చదివాకే పెంచుకోండి.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. ఏ కంపెనీ స్కోపు గొప్పదన్న తగువు మాత్రం టీ దగ్గర పెట్టుకుందాం.